అటక మీది సైకిలు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదవీ విరమణ తర్వాత పెట్టుకోదగిన వ్యాపకాల గురించి ముగ్గురు మాట్లాడాలని కార్యదర్శిగారు నిర్ణయించారు. నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు ఒకరు యోగాసనాల గురించి, మరొకరు మిద్దె మీద కూరగాయల పెంపకం గురించి చక్కగా చెప్పారు. ఇక నా వంతుకు మిగిలినవి తుప్పు, గ్రీజు, కిరసనాయిలు. వాటితోనే మీ అందరినీ ఒక అరగంట కూర్చోబెట్టే ప్రయత్నం చేస్తాను.

నేను విద్యుత్ శాఖలో పనిచేసి 2008లో రిటైరయ్యాను. మీలో చాలామందికి తెలిసినట్లే, అప్పటినుంచి పాత సైకిళ్ళు బాగుచేయడం నా వ్యాపకం. ఇప్పటికి పదకొండు సైకిళ్ళు నా చేతి మీదుగా వెళ్ళాయి. ఒక్కటి కూడా అమ్మలేదు. కొన్ని వాటి యజమానుల ఇళ్ళకు తిరిగి వెళ్ళాయి, మూడు మా ఇంట్లోనే ఉన్నాయి. మా ఆవిడ లెక్క ప్రకారం మూడు కాదు, నాలుగు. విడి భాగాలన్నీ కలిపితే ఇంకొకటి అవుతుందని ఆమె వాదన. ఆ వాదనలో కొంత నిజముంది.

మన తరానికి సైకిలంటే ఏమిటో ఈ సభలో నేను వివరించనక్కరలేదు. కాలు అందక బారు సందులోంచి కాలు దూర్చి తొక్కినవాళ్ళం. గంటకింతని అద్దె సైకిలు తీసుకుని, గంట కాగానే షాపువాడు వస్తాడేమోనని వెనక్కి చూసుకుంటూ తొక్కినవాళ్ళం. ఏటేటా మునిసిపాలిటీకి డబ్బు కట్టి సైకిలుకు బిళ్ళ వేయించుకున్నవాళ్ళం, రాత్రి దీపం లేకుండా పోతూ పోలీసును చూసి దిగి నడిచినవాళ్ళం కూడా ఈ సభలో ఉన్నారు. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ రోజుల్లో లైన్‌మన్‌కు, పోస్ట్‌మన్‌కు, బడిపంతులుకు, పాలవాడికి అదే వాహనం, అదే హోదా.

ఆ సైకిళ్ళు ఇప్పుడు ఎక్కడున్నాయి? కొన్ని పాతసామానుకు పోయాయి. మిగిలినవి మన అటకల మీద, మెట్ల కింద, పశువుల కొట్టాల్లో ఉన్నాయి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది వాటి గురించే.

బాగుచేయడం వేరు, కొత్తది చేయడం వేరు

మిత్రులారా! ఈ పదిహేడు పద్ధెనిమిది ఏళ్ళలో నాకు అర్థమైన విషయం ఒకటే. మిగతాదంతా పానా తిప్పే పని. పాత సైకిలును మళ్ళీ నడిచేటట్టు చేయాలి, అంతే గాని కొత్త సైకిలుగా మార్చకూడదు. ఒకవేళ మన సౌకర్యం కోసం మార్పు చేయవలసివస్తే, రేపు కావాలనుకున్నవాడు దాన్ని మళ్ళీ పాత స్థితికి తెచ్చుకునే వీలుండాలి. తీసిన సామాను పారేయకూడదు. కోసినది అతుక్కోదు, గీకిన రంగు తిరిగిరాదు, కొట్టేసిన నంబరు మళ్ళీ పుట్టదు. అందుకే నా దగ్గరకు వచ్చిన ప్రతి సైకిలునూ చేయి వేయకముందు మూడు రోజులు ఊరికే చూస్తాను.

ఆ చూడడంలోనే సగం ఆనందం ఉంది. సైకిలు తన చరిత్రను తన ఒంటి మీదే రాసుకుని ఉంటుంది. ముందు తల గొట్టానికి ఉన్న బిళ్ళ చూడండి. కొంగ తల ఉంటే ర్యాలీ. మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఉంటే బి.ఎస్.ఎ. ఆ పేరుకు అర్థమే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, అంటే మొదట తుపాకుల కంపెనీ అన్నమాట. పెడలు దగ్గరి పెద్ద పళ్ళ చక్రంలో అరచేయి ఆకారం కోసి ఉంటే రడ్జ్. ముందు ఫోర్కు ఒక్కొక్క పక్క రెండేసి సన్నని గొట్టాలతో ఉంటే హంబర్. ఈ కంపెనీలన్నీ చివరకు ఒకే గూటికి చేరాయి. హంబర్ సైకిళ్ళను 1932లో, రడ్జ్‌ను 1943లో, బి.ఎస్.ఎ. సైకిళ్ళ విభాగాన్ని 1957లో ర్యాలీ కంపెనీయే కొనుక్కుంది.

మన దేశంలో తయారైన వాటి కథ వేరు. మద్రాసులో టి.ఐ. సైకిల్స్ 1949లో మొదలై హెర్క్యులిస్ సైకిళ్ళు తయారుచేసింది. బెంగాల్లోని ఆసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ వచ్చింది. సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో ప్రారంభమయ్యాయి. ఇంగ్లండు నుంచి వచ్చిన హెర్క్యులిస్‌కూ మద్రాసు హెర్క్యులిస్‌కూ తేడా తెలియకుండా కొనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. "ఇంగ్లండు సైకిలు సార్" అని అమ్మేవాడు చెప్పగానే నమ్మకండి. బిళ్ళ మార్చడం పది నిమిషాల పని. బిళ్ళ ఒక కథ చెప్పి, ఫోర్కు, పళ్ళ చక్రం, సీటు మూడూ మూడు కథలు చెబితే అది నాలుగు సైకిళ్ళ మనిషని అర్థం.

ఇక నేను బాగుచేసిన వాటిలో మూడింటి గురించి చెబుతాను. మూడింటికి మూడు రకాల వైద్యం అవసరమైంది.

మొదటిది: రంగు వేయని సైకిలు

మనతో పనిచేసి కాలం చేసిన మిత్రులొకరి హెర్క్యులిస్ అది. ఆయన పోయిన ఏడాదికి వాళ్ళబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చి, "అంకుల్, నాన్నగారి సైకిలు మీరు బాగుచేయాలి. మొత్తం గీకించి పౌడర్ కోటింగ్ చేయిద్దాం. ఖర్చు ఎంతైనా ఫరవాలేదు. హాల్లో పెట్టుకుంటాం" అన్నాడు. మంచి ఉద్దేశమే. తండ్రి వస్తువును గౌరవించాలనే తపన. ఆ మరునాడు వాళ్ళమ్మగారు ఫోను చేశారు. "అన్నయ్యగారూ, వాడితో చెప్పలేక మీతో చెబుతున్నాను. ఆ హ్యాండిల్ దగ్గర ఆయన చేయి పట్టి పట్టి మెరుగుపోయిన చోటు ఉంటుంది. వెనక మడ్‌గార్డు మీద ఆయన పేరు రాయించుకున్నారు. అవి కూడా పోతాయా?" అని అడిగారు.

పౌడర్ కోటింగ్ అంటే ముందు ఇనుము కనబడేదాకా అంతా గీకేస్తారు. పైగా ఆ పూత మందంగా ఉండి గొట్టాల అతుకుల దగ్గరి సన్నని అంచులను, చట్రం నంబరును పూడ్చేస్తుంది. అబ్బాయిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. "బాబూ, మెరిసే సైకిలు నీకు ఏ షాపులోనైనా దొరుకుతుంది. మీ నాన్నగారు తొక్కిన సైకిలు మాత్రం ఇదొక్కటే" అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే ఏం చేద్దాం అంకుల్?" అన్నాడు.

చేసిన పని ఇది. సైకిలును పూర్తిగా విప్పాం. మన షాపుల భాషలో చెప్పాలంటే ఓవరాయిలింగ్. పాత గ్రీజు రాయిలా గట్టిపడి ఉంది. కిరసనాయిల్లో నానబెట్టి కడిగాం. బాల్సన్నీ కొత్తవి వేశాం. ఈ పని చేయదలచినవారు ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. సాధారణంగా ముందు చక్రానికి పక్కకు పది చొప్పున అంగుళంలో పదహారింట మూడు వంతుల బాల్సు, వెనక చక్రానికి పక్కకు తొమ్మిది చొప్పున పావు అంగుళం బాల్సు, పెడలు ఇరుసుకు పక్కకు పదకొండు చొప్పున పావు అంగుళం బాల్సు పడతాయి. కొత్త బాల్సు పాత బాల్సుతో కలిపి వేయకండి. బరువంతా పెద్దవాటి మీద పడి కప్పు పాడవుతుంది.

రంగు జోలికి పోలేదు. మెత్తటి గుడ్డ, కొద్దిగా సబ్బు నీళ్ళు, ఆరిన తర్వాత మైనం. అంతే. నల్లరంగు లోపల దాక్కున్న బంగారు గీతలు వాటంతట అవే బయటికి వచ్చాయి. పెచ్చు లేచినచోట తుప్పు పాకకుండా మైనం పట్టించాం. నికెలు పూత మీది తుప్పును ఇనుప పీచుతో రుద్దితే పూత కూడా ఊడివస్తుంది. దానికి బదులు అన్నం చుట్టుకునే అల్యూమినియం రేకు కాగితాన్ని ఉండ చేసి, నీటిలో ముంచి రుద్దండి. అది ఇనుము కంటే మెత్తన కాబట్టి గీతలు తక్కువ పడతాయి.

బెల్లు లోపల స్ప్రింగు విరిగిపోయింది. స్ప్రింగు మాత్రం మార్చి పైకప్పు పాతదే ఉంచాం. అది ఇత్తడిది. దాన్ని చింతపండుతో తోమింది ఆ ఇంటి ఇల్లాలే. పూజ సామాను తోమిన చేతికి ఇత్తడి సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు కదా! సైకిలు ఇంటికి చేరిన రోజు ఆవిడ దాన్ని తాకి చూశారు, బెల్లు ఒకసారి మోగించారు, లోపలికి వెళ్ళిపోయారు. అబ్బాయి నావైపు చూసి, "మీరు చెప్పింది విన్నందుకు సంతోషంగా ఉంది అంకుల్" అన్నాడు. సైకిలు హాల్లోకి వెళ్ళలేదు. ఇప్పుడు దాన్ని మనవడు సెలవుల్లో వచ్చి తొక్కుతున్నాడు.

రెండవది: పూర్తిగా తిరిగి కట్టిన సైకిలు

అయితే ఎప్పుడూ రంగు వేయకూడదా అంటే, అలాగేమీ లేదు. ఒక ర్యాలీ చట్రాన్ని విజయవాడ ఆటోనగర్‌లో పాతసామాను కుప్పలోంచి తూకానికి తెచ్చాను. ఎవరో దానికి ఇంటి గేటుకు వేసే వెండిరంగు రెండు పూతలు వేసి ఉన్నారు. కింద అసలు రంగు ఏమీ మిగలలేదు. కాపాడడానికి ఏమీ లేనప్పుడు తిరిగి కట్టడమే న్యాయం.

వెనక చక్రం తుడిచి చూస్తే ఆశ్చర్యం వేసింది. ఇరుసు బుడ్డి మీద స్టర్మీ-ఆర్చర్ అన్న పేరు, ఎ.డబ్ల్యు. అన్న అక్షరాలు, పక్కన 54 అన్న అంకె కనిపించాయి. అంటే ఆ హబ్బు 1954లో తయారైందన్నమాట. స్టర్మీ-ఆర్చర్ కంపెనీ 1902లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో మొదలైంది. ఈ ఎ.డబ్ల్యు. రకం మూడు గేర్ల హబ్బు 1936లో వచ్చింది. గేర్లన్నీ బుడ్డి లోపలే ఉంటాయి. మధ్య గేరులో పళ్ళ చక్రం ఎంత తిరిగితే చక్రమూ అంతే తిరుగుతుంది. కింది గేరులో నాలుగింట మూడు వంతులే తిరుగుతుంది, అందువల్ల ఎక్కుడు తేలిక. పై గేరులో మూడింట ఒక వంతు ఎక్కువ తిరుగుతుంది. డెబ్భై ఏళ్ళు దాటిన ఆ యంత్రాన్ని విప్పి, కడిగి, పలుచని యంత్రాల నూనె చుక్కలు వేసి తిప్పితే టిక్కు టిక్కుమని పలికింది. లోపల ఒక్క భాగం కూడా మార్చవలసిన అవసరం రాలేదు. దీనికి గ్రీజు గాని వంటనూనె గాని వాడకండి. జిగురు కట్టి లోపలి పళ్ళు అతుక్కుపోతాయి.

ఈ హబ్బు ఉన్నవారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. రెండవ, మూడవ గేర్ల మధ్య ఏ గేరూ పట్టని ఖాళీ చోటు ఒకటి ఉంది. తీగ బిగింపు సరిగా లేకపోతే, నిలబడి తొక్కుతున్నప్పుడు పెడలు ఒక్కసారిగా ఉత్తదై తిరిగి మనిషి ముందుకు తూలుతాడు. మన వయసులో అది చిన్న విషయం కాదు. మధ్య గేరులో పెట్టి, కుడి నట్టుకున్న చిన్న కిటికీలోంచి చూడండి. గొలుసుకు తగిలించిన లోపలి కడ్డీ భుజం, ఇరుసు చివరకు సరిగ్గా సమానంగా ఉండాలి. అలా లేకపోతే తీగ సరిచేసిన తర్వాతే ఎక్కండి.

ఆ సైకిలుకు పెడలు ఇరుసు కప్పు ఒకటి కావలసివచ్చింది. బజారులో దొరికే కప్పు ఏదీ పట్టలేదు. కారణమేమంటే, ర్యాలీ తన సొంత మర వాడింది. మిగతా కంపెనీల కప్పులకు అంగుళానికి 24 మరచుట్లు ఉంటే ర్యాలీకి 26 ఉంటాయి. చూపుకు తేడా తెలియదు. బలవంతంగా బిగిస్తే చట్రంలోని మర శాశ్వతంగా పోతుంది. నాకు సరైన కప్పు దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా జుమ్మేరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత తిరిగాను. చివరకు మా ఊళ్ళోనే ఒక మూతపడిన షాపు డబ్బాలో దొరికింది. ఈ ఎనిమిది నెలలూ నాకు విసుగు పుట్టలేదు. ఫైలు కదలడానికి ఎనిమిది నెలలు ఎదురుచూసిన అనుభవం మనకు కొత్త కాదు గదా!

ఇక రంగు విషయం. నల్ల ఎనామిలు వేయించాను. దాని మీద బంగారు గీత ఎవరు గీస్తారు? మన చిన్నప్పుడు షాపుల బోర్డులు రాసే చిత్రకారులు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. ఫ్లెక్సీలు వచ్చాక వాళ్ళ పని పోయింది. అటువంటి ఒకాయనను వెతికి పట్టుకున్నాను. వయసు అరవై పైనే. పొడుగు వెంట్రుకల సన్నని కుంచె తీసుకుని, చిటికెన వేలు గొట్టానికి ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడు లాగాడు. మొదటి నుంచి చివరి వరకు అదే మందం. నేను డబ్బు ఇవ్వబోతే ముందు వద్దన్నాడు. "చాలా ఏళ్ళయింది సార్ గీత గీసి. చేయి వణుకుతుందేమో అనుకున్నాను" అన్నాడు. ఆయన వద్దన్నా పూర్తి కూలి ఇచ్చాను. పనితనానికి కూలి ఇవ్వకపోతే ఆ పనితనం ఎలా నిలుస్తుంది?

మూడవది: నాకోసం మార్చుకున్న సైకిలు

మూడవది లేడీస్ సైకిలు. దాన్ని నేనే తొక్కుతాను. మొదట్లో వీధిలో పిల్లలు నవ్వారు. ఇప్పుడు అలవాటు పడ్డారు.

మగవాళ్ళ సైకిలుకు బారు అడ్డం. ఎక్కాలంటే కాలు వెనక నుంచి తిప్పి వేయాలి. డెబ్భై దాటినవారు సైకిలు మీది నుంచి పడేది చాలావరకు తొక్కేటప్పుడు కాదు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూనని నేను గమనించాను. బారు లేని చట్రమైతే అడుగు లోపలికి వేసి కూర్చోవచ్చు. ఇందులో చిన్నతనమేముంది? మోకాళ్ళకు ఆడా మగా తేడా లేదు.

దానికి నేను చేసిన మార్పులు నాలుగు. మొదటిది వెనక పళ్ళ చక్రం. ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉండేవి. పెడలు ఒక చుట్టు తిప్పితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగేది. వెనక 22 పళ్ళ ఫ్రీవీల్ వేశాను. ఇప్పుడు సరిగ్గా రెండు చుట్లు తిరుగుతుంది. 26 అంగుళాల చక్రానికి లెక్కవేస్తే ఒక చుట్టుకు సుమారు 5 మీటర్లు పోయేది 4 మీటర్ల పైచిలుకు పోతుంది. వేగం తగ్గింది, కాని మోకాలి మీద భారం దాదాపు అయిదో వంతు తగ్గింది. రైల్వే వంతెన దిగకుండా ఎక్కుతున్నాను. నాలుగు పళ్ళు పెరిగినందుకు చైనుకు ఒక జత లింకులు, అంటే ఒక అంగుళం, కలపవలసివచ్చింది.

రెండవది హ్యాండిల్ కాస్త ఎత్తు చేశాను. నడుము వంగనక్కరలేదు. అయితే హ్యాండిల్ కాడకు లోపలికి ఇంతకంటే తక్కువ ఉండకూడదని గుర్తు ఉంటుంది. అది దాటి పైకి లాగితే విరిగే ప్రమాదముంది. మూడవది, సీటు ఎత్తు. ఆగినప్పుడు కనీసం ఒక పాదం నేలకు పూర్తిగా ఆనాలి. నాలుగవది, ఒక అద్దం, వెనక ఎర్ర మెరుపు బిళ్ళ. మెడ తిప్పి చూడడం మనకు కష్టం, వెనకవాడికి మనం కనబడడం అవసరం.

ఈ నాలుగింటిలో ఒక్కదానికి కూడా చట్రానికి చిల్లి పెట్టలేదు, ఏదీ కోయలేదు, అతకలేదు. తీసిన 18 పళ్ళ ఫ్రీవీల్, పాత హ్యాండిల్ కాడ ఒక బిస్కట్ల డబ్బాలో పెట్టి, పైన సైకిలు పేరు రాసి ఉంచాను. నా తర్వాత దాన్ని తీసుకునేవారు ఒక్క పూటలో యథాస్థితికి తెచ్చుకోవచ్చు. నేను ఇందాక చెప్పిన నియమం ఇదే. వస్తువును మనకోసం మార్చుకునే హక్కు మనకుంది. తర్వాతివాళ్ళకు ఆ హక్కు లేకుండా చేసే హక్కు మాత్రం మనకు లేదు.

కొన్ని జాగ్రత్తలు

ఈ పనిలో దిగదలచిన మిత్రులకు కొన్ని సూచనలు.

కొనడానికి బజారుకు పరుగెత్తకండి. ముందు మీ అటక చూసుకోండి. విప్పే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. ఇప్పుడు అందరి జేబులోనూ ఫోను ఉంది గదా. విప్పిన భాగాలను వరుస తప్పకుండా తీగకు గుచ్చండి.

ఎడమ పెడలు మర తిరుగుడు మర. అందరిలా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. కాటరు పిన్ను తీసేటప్పుడు క్రాంకు కింద గట్టి గొట్టం ఆనించి కొట్టండి. లేకపోతే ఆ దెబ్బ అంతా బాల్సు కప్పులకు తగులుతుంది.

పాత రంగులో సీసం ఉండవచ్చు. పొడిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దకండి. తడిపి రుద్దండి, ముక్కుకు గుడ్డ కాదు, సరైన మాస్కు పెట్టుకోండి. మనవలను దగ్గరికి రానివ్వకండి. తుప్పుకు ఆక్జాలిక్ ఆమ్లం బాగా పనిచేస్తుంది. లీటరు నీటికి 30 గ్రాములు చాలు. కాని అది విషం. చేతికి తొడుగులు వేసుకుని, ప్లాస్టిక్ తొట్టెలో, గాలి ఆడేచోట వాడాలి. తర్వాత వంటసోడా నీటితో కడగాలి. దాన్ని వంటింటి దరిదాపులకు కూడా తేవద్దు.

బ్రూక్స్ వంటి తోలు సీటు ఉంటే నూనెలో నానబెట్టకండి. మెత్తబడి జారిపోతుంది. తోలుకు రాసే మైనం పలుచగా రాయండి. ముందున్న బిగింపు నట్టును ఒకేసారి కాకుండా పావు చుట్టు చొప్పున తిప్పండి.

రాడ్ బ్రేకు రిమ్ము పక్కలను కాక లోపలి వైపును పట్టుకుంటుంది. కాబట్టి చక్రం అటూ ఇటూ కాస్త ఊగినా ఫరవాలేదు గాని, ఎత్తుపల్లాలు ఉండకూడదు. వాన పడినప్పుడు ఇనుప రిమ్ము మీద ఏ బ్రేకూ సరిగా పట్టదు. వానలో తొక్కకపోవడమే ఉత్తమం. పాత ఫోర్కుకు బీట ఉందేమో పట్టపగలు చూడండి. అనుమానం వస్తే ఆ సైకిలును గోడకు ఆనించి చూసుకోండి గాని ఎక్కకండి. ఎక్కినప్పుడు తలకు హెల్మెట్ మరవకండి.

మిగిలిన చేతులు

చివరగా ఒక్క మాట. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. నాటింగ్‌హామ్‌లో ర్యాలీ సైకిళ్ళ తయారీ 2002తో ముగిసింది. స్టర్మీ-ఆర్చర్ 2000లో తైవాన్‌లోని సన్‌రేస్ కంపెనీ చేతికి వెళ్ళింది. మన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే ఆగిపోయింది. వస్తువులను దాచేవాళ్ళు లేకపోలేదు. బ్రిటన్‌లో పాత సైకిళ్ళ అభిమానుల సంఘం 1955 నుంచి పనిచేస్తోంది. పుణేలోని కర్వేనగర్‌లో విక్రం పెండ్సేగారి సైకిల్ మ్యూజియం ఉంది. వీలైతే చూసి రండి. కాని మ్యూజియంలో దాచలేనిది ఒకటుంది. అది పనివాడి చెయ్యి.

నాకు చక్రం బెండు తీయడం నేర్పింది మా పేటలోని సాయిబుగారు. ఆయనకిప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 చువ్వలు అల్లి, ఒక్కొక్క చువ్వను వేలితో మీటి, ఆ నాదాన్ని బట్టి ఏది వదులో ఏది బిగువో చెబుతారు. కొలత పరికరమేదీ లేదు. "మీరు కళ్ళతో చూస్తున్నారు సార్, చెవితో చూడండి" అనేవారు నాతో. నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇప్పటికీ ఆయనలో సగం రాదు. ఆయన దగ్గర ఒకప్పుడు నలుగురు కుర్రాళ్ళు పని నేర్చుకునేవారు. ఇప్పుడు ఒక్కరూ లేరు. షాపు ముందు పంక్చర్ల కోసం వచ్చే స్కూటర్లే ఎక్కువ.

అందుచేత సంఘానికి నా విన్నపాలు మూడు. ఒకటి, ప్రతి సభ్యుడూ ఈ నెలలో తన ఇంట్లో ఉన్న పాత సైకిలును ఒకసారి దించి, దుమ్ము దులిపి, తల బిళ్ళ మీద ఏముందో, చట్రం నంబరు ఎంతో ఒక కాగితం మీద రాసి కార్యదర్శిగారికి ఇవ్వాలి. మన సభ్యుల ఇళ్ళలో ఏమున్నాయో మనకే తెలియదు. రెండు, నెలకొక ఆదివారం ఉదయం రెండు గంటలు సంఘం ఆవరణలో ఆ సైకిళ్ళు విప్పుకుందాం. పనిముట్లు నావి, టీ సంఘానిది. మూడు, ఆ ఆదివారాలకు సాయిబుగారి వంటి మేస్త్రీలను గౌరవంగా పిలిచి, రోజు కూలి పూర్తిగా ఇచ్చి, వాళ్ళు చేస్తుంటే మన మనవలను పక్కన కూర్చోబెడదాం. మనం చూసి ఊరుకుంటే చాలదు. పానా వాళ్ళ చేతికి ఇవ్వాలి.

  మొదటి ఆదివారం ఎప్పుడో కార్యదర్శిగారు ప్రకటిస్తారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.